హాలు టీవీలో పీసీ గేమ్స్, వైర్ లేకుండా: మిల్లీసెకన్ల లెక్కతో ప్రాజెక్టు డైరీ

పీసీ లోపలి గదిలో ఉంది, టీవీ హాల్లో ఉంది, మధ్యలో రెండు గోడలు. పీసీలో నడిచే గేమ్‌ని సోఫాలో కూర్చుని టీవీలో ఆడాలి. నొక్కిన బటన్‌కి వెంటనే స్పందన రావాలి. హాల్లోకి కేబుల్ రాకూడదు. "కొంచెం ల్యాగ్ ఉంది", "పర్లేదు, బాగానే ఉంది" లాంటి మాటలు ఇంకొకరికి ఎందుకూ పనికిరావు కాబట్టి ప్రతి దశ చివరా అంకెలు వేశాను. మీ ఇంట్లో అంకెలు మారతాయి. పని చేసే వరుస మాత్రం ఇదే పెట్టుకుంటే చాలా టైమ్ మిగులుతుంది.

వాడిన సామాను:

- విండోస్ పీసీ, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు
- గేమ్‌ని పంపడానికి పీసీలో సన్‌షైన్, అందుకోవడానికి టీవీ దగ్గర మూన్‌లైట్ (రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్)
- 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న రౌటర్
- ఆండ్రాయిడ్‌తో నడిచే 4కె టీవీ
- ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్
- సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీసే ఫోన్

పాత గైడ్లు చదివేవాళ్లకు ఒక మాట. వాటిలో చాలావరకు ఎన్‌విడియా గేమ్‌స్ట్రీమ్ ఆన్ చేయమంటాయి. ఆ సేవను 2023లో ఆపేశారు. ఇప్పుడు ఆ స్థానంలో వాడేది సన్‌షైనే. స్టీమ్ లింక్ పేరుతో 2015లో వచ్చిన చిన్న పెట్టె అమ్మకాలు కూడా 2018లోనే ఆగాయి, ఇప్పుడది యాప్‌గానే ఉంది. గేమ్స్ అన్నీ స్టీమ్‌లోనే (గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ఉంటే ఆ యాప్‌తోనూ ఇదే పని చేయొచ్చు. నాకు తెరమీద వివరంగా అంకెలు కావాలి, అందుకే మూన్‌లైట్ తీసుకున్నాను.

## దశ 1: ముందు కొలిచే పద్ధతి

1. కంట్రోలర్, తెర రెండూ ఒకే షాట్‌లో పడేలా ఫోన్‌ని స్టాండు మీద పెట్టండి.
2. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో రికార్డ్ చేస్తూ దూకే బటన్‌ని కనీసం పదిసార్లు నొక్కండి.
3. వీడియోను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరుపుతూ, బటన్ పూర్తిగా కిందికి దిగిన ఫ్రేమ్ నుంచి పాత్ర కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి.
4. ఒక్కో ఫ్రేమ్ అంటే 4.17 మిల్లీసెకన్లు (మి.సె.). గుణించండి.
5. సగటు ఒకటే కాదు, అన్నిటికంటే చెత్తగా వచ్చిన అంకె కూడా రాసుకోండి.

ఐదోదే ముఖ్యం. ఆట ఆడేటప్పుడు చేతికి తెలిసేది సగటు కాదు, మధ్యమధ్యలో వచ్చే ఆ చెత్త అంకే.

ఒకే గేమ్, ఒకే సీన్, ఒకే కంట్రోలర్‌తో పీసీ మానిటర్ మీద ముందు కొలిచాను. సగటున 14 ఫ్రేములు. స్ట్రీమింగ్ జోలికి పోకముందే గేమ్‌కి, మానిటర్‌కి పోయే ఆలస్యం ఇది. స్ట్రీమింగ్ వైపు ఏం సర్దినా ఇది తగ్గదు, దీనికంటే తక్కువ రాలేదని బాధపడాల్సిన పనీ లేదు.

లెక్క (పీసీ మానిటర్ మీద): సగటు 58 మి.సె., గరిష్ఠం 67.

## దశ 2: అంతా వైఫై మీదే

సన్‌షైన్ ఎక్కించాక అదే పీసీ బ్రౌజర్‌లో దాని సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది (పోర్ట్ 47990). టీవీలో మూన్‌లైట్ చూపించిన నాలుగంకెల పిన్‌ని అందులో కొడితే రెండూ కలుస్తాయి. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. 1080పి, 60 ఫ్రేములు పెట్టి, దానికి మూన్‌లైట్ తనంతట తాను ఎంచుకున్న 20 ఎంబీపీఎస్‌నే (సెకనుకు 20 మెగాబిట్లు) ఉంచాను.

బొమ్మ శుభ్రంగా వచ్చింది, ఆడటమే కుదరలేదు. గుంత అంచున దూకమని నొక్కితే, పాత్ర గుంతలో సగం దిగాక గాల్లో కాళ్లు ముడుస్తోంది. మధ్యలో తెర అరసెకను ఆగి, తర్వాత ఒక్కసారిగా పరిగెత్తుతోంది.

లెక్క: సగటు 221, గరిష్ఠం 400.

ఇక్కడ చాలామంది చేసే మొదటి పని ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్. దానితో ఈ పనికి సంబంధం లేదు. వీడియో పీసీ నుంచి రౌటర్‌కి, అక్కడి నుంచి టీవీకి వెళ్తుంది, ఇల్లు దాటదు. ఇంటర్నెట్ ప్లాన్ పెంచితే ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు. బయటి లైన్ పీకేసి చూసినా ఆట అలాగే నడిచింది.

అసలు ఎంత డేటా పోతోందో చూస్తే సంగతి తెలుస్తుంది. 1080పి తెరను 60 ఫ్రేములతో కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు కావాలి. గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్ దాన్ని 20 మెగాబిట్లకు, అంటే 150వ వంతుకు కుదిస్తోంది. 20 ఎంబీపీఎస్ అనేది ఏ వైఫైకీ పెద్ద బరువు కాదు. అసలు ఇబ్బంది గడువుతో. ఒక్కో ఫ్రేమ్‌కి సుమారు 42 కిలోబైట్లు, అంటే ముప్పై ప్యాకెట్లు (నెట్‌వర్క్ మీద వెళ్లే డేటా ముక్కలు). ఆ ముప్పయ్యీ 16.7 మి.సె.కోసారి తప్పకుండా చేరాలి. సినిమా అయితే ముందే కొంత నింపి పెట్టుకుంటుంది కాబట్టి రెండు సెకన్లు వైఫై ఆగినా మనకు తెలీదు. గేమ్‌లో ముందుగా నింపుకోవడానికి ఏమీ ఉండదు. తర్వాతి ఫ్రేమ్ ఎలా ఉండాలో నా బొటనవేలు ఇంకా చెప్పలేదు కదా!

## దశ 3: పీసీ వైపు కేబుల్

వైఫైలో ఒక చానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. పీసీ, టీవీ రెండూ వైఫైలోనే ఉంటే ప్రతి ఫ్రేమూ అదే గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది: పీసీ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి ఇంకోసారి. హాల్లోకి కేబుల్ వద్దనుకున్నాను కానీ లోపలి గదిలో వద్దనుకోలేదు. రౌటర్ నుంచి పీసీకి గోడ వెంబడి క్యాట్ 6 కేబుల్ లాగాను.

లాగాక పీసీ 1 గిగాబిట్ చూపించాల్సింది, 100 మెగాబిట్లే చూపించింది. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. అందుకే 100కి అక్కర్లేని జత పోతే లైన్ చచ్చిపోదు, నోరు మెదపకుండా 100కి దిగిపోతుంది. కనెక్టర్‌ని వెలుతురులో పట్టి చూస్తే గోధుమరంగు తీగ ఒకటి చివరిదాకా రాకుండా మధ్యలోనే ఆగి ఉంది. ఆ కొస కత్తిరించి మళ్లీ క్రింప్ చేస్తే 1 గిగాబిట్ వచ్చింది. నిజానికి 20 ఎంబీపీఎస్ స్ట్రీమ్‌కి 100 కూడా ఎక్కువే, కానీ సగం తెగిన కేబుల్‌ని నమ్ముకుని కొలతలు తీయడం నాకు నచ్చదు.

లెక్క: సగటు 192, గరిష్ఠం 263. ఇప్పటిదాకా తగ్గింది: 29.

సగటు పెద్దగా తగ్గలేదు. గరిష్ఠం మాత్రం మూడోవంతు తగ్గింది. తెర గడ్డకట్టినట్టు ఆగిపోవడం చాలావరకు పోయింది.

## దశ 4: గాలి సంగతి

రౌటర్ పేజీలో చూస్తే టీవీ 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంది. రెండు బ్యాండ్లకూ ఒకటే పేరు ఉంటే ఏది పట్టుకోవాలో టీవీయే తేల్చుకుంటుంది. గోడలు దాటి 2.4 బలంగా వస్తుంది కాబట్టి అది దానికే మొగ్గింది. సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, కానీ ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని 20 మెగాహెర్ట్జ్ చానెళ్లు 1, 6, 11 మూడే. చుట్టుపక్కల వైఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే తోసుకుంటాయి.

1. రెండు బ్యాండ్లకూ వేరు వేరు పేర్లు పెట్టాను. టీవీని 5 గిగాహెర్ట్జ్ పేరుకే కట్టేశాను.
2. రౌటర్‌ని అల్మారాలోంచి బయటికి తీసి, మనిషి తల ఎత్తున పెట్టాను.
3. ఫోన్‌లో వైఫై ఎనలైజర్‌తో చూసి, అందరూ కూర్చున్న 36వ చానెల్‌ని వదిలి 149కి మార్చాను.
4. చానెల్ వెడల్పు 80 నుంచి 40 మెగాహెర్ట్జ్‌కి తగ్గించాను.

నాలుగోది చూసి కొందరు ముఖం చిట్లిస్తారు. వెడల్పు తగ్గితే వేగం సగమవుతుంది, నిజమే. కానీ మనకు కావాల్సింది 20, 30 ఎంబీపీఎస్. రోడ్డు వెడల్పు ఎంత ఎక్కువైతే పక్కవాళ్లు అంత ఎక్కువ అడ్డం వస్తారు. వేగం సగమైంది, కుదుపులు తగ్గాయి.

52 నుంచి 144 మధ్య చానెళ్లు ఖాళీగా కనిపించి ఊరిస్తాయి. చాలా దేశాల్లో అవి వాతావరణ, సైనిక రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ దొరికితే రౌటర్ వెంటనే ఖాళీ చేసి వేరే చానెల్‌కి పోవాలని నిబంధన. అలాంటి మరో చానెల్‌కే పోతే, అక్కడ మాట్లాడేముందు కనీసం 60 సెకన్లు ఊరికే వినాలి. బాస్ ఫైట్ మధ్యలో ఆ నిమిషం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రిపీటర్ పెట్టమని సలహాలు వచ్చాయి, పెట్టలేదు. ఒకే రేడియోతో విని, మళ్లీ అదే రేడియోతో చెప్పే రిపీటర్ అంటే దశ 2లోని రోగాన్ని మళ్లీ తెచ్చుకోవడమే.

లెక్క: సగటు 183, గరిష్ఠం 208. ఇప్పటిదాకా తగ్గింది: 38.

## దశ 5: అసలు దొంగ టీవీ

ఇప్పుడు సగటుకీ గరిష్ఠానికీ తేడా 25 మి.సె. మాత్రమే. అంటే ఆలస్యం నిలకడగా ఉంది, నిలకడగా ఎక్కువ ఉంది. మూన్‌లైట్ సెట్టింగ్స్‌లో పనితీరు అంకెలు ఆన్ చేస్తే తెర మూలన కనిపిస్తాయి. నెట్‌వర్క్ 3 మి.సె. అంటోంది, టీవీ చిప్‌లో డీకోడ్‌కి (కుదించిన వీడియోను విప్పడానికి) 24. పీసీలోని పని కూడా కలిపితే 41. కొలిచిందేమో మానిటర్ కంటే 125 ఎక్కువ. మిగతా 84 ఎక్కడికి పోయాయి?

టీవీ బొమ్మను అందంగా చేయడానికి పోయాయి. కదలికను మృదువుగా చేసే సౌకర్యం పనిచేయాలంటే ముందూ వెనకా ఫ్రేములు చేతిలో ఉండాలి, అందుకని టీవీ వాటిని ఆపి ఉంచుతుంది. నాయిస్ తగ్గించడం, అంచులు పదును చేయడం కూడా ఉన్నాయి. వీటిని ఆపేయడానికే గేమ్ మోడ్ ఉంది. నా టీవీలో అది హెచ్‌డీఎమ్‌ఐ పోర్ట్‌లకే దొరుకుతుంది, లోపలి యాప్‌లకు మెనూలో ఆ మాటే ఉండదు. ఇలాంటి టీవీలు ఇంకా ఉన్నాయి. యాప్ ఎక్కించే ముందే ఈ మెనూ ఒకసారి చూసుకోండి.

మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌ని టీవీ వెనక పెట్టి హెచ్‌డీఎమ్‌ఐతో కలిపాను. అది వైఫైలోనే ఉంటుంది కాబట్టి హాల్లోకి కేబుల్ రాలేదు. ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్ కావడంతో హెచ్‌ఈవీసీ (వీడియోను కుదించే ఒక పద్ధతి) స్ట్రీమ్‌ని హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తుంది.

గేమ్ మోడ్ పెట్టి ఆడితే ఇంకా అధ్వాన్నంగా ఉంది. కదిలే ప్రతిదీ నత్తనడక నడుస్తోంది. ల్యాప్‌టాప్ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే విషయం బయటపడింది: టీవీ 4కె కాబట్టి విండోస్ దానికి 4కె ఎంచుకుంది, ఆ ల్యాప్‌టాప్ పోర్ట్ హెచ్‌డీఎమ్‌ఐ 1.4. ఆ పోర్ట్ 4కె ఇస్తే సెకనుకు 30 ఫ్రేములే. అరవై ఫ్రేముల స్ట్రీమ్‌లో సగం చెత్తబుట్టలోకి పోతోంది. చేసిన మార్పులు:

1. ల్యాప్‌టాప్ ఔట్‌పుట్: 1080పి, 60 హెర్ట్జ్.
2. టీవీలో ఆ ఇన్‌పుట్ పేరు "పీసీ" అని మార్చాను. కొన్ని టీవీలు ఈ పేరు చూసే అదనపు ప్రాసెసింగ్ మానేస్తాయి. అక్షరాల అంచులు కూడా పదునుగా వచ్చాయి.
3. ఓవర్‌స్కాన్ (బొమ్మను తెర అంచులు దాటేలా పెంచడం) ఆఫ్. లేకపోతే గేమ్‌లో మూలన ఉండే మ్యాప్ అంచు తెగిపోతుంది.
4. పవర్ ప్లాన్‌లో వైఫై అడాప్టర్‌కి మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్. మూత మూస్తే నిద్రపోవద్దని సెట్టింగ్.

డీకోడ్ 24 నుంచి 6కి దిగింది.

లెక్క: సగటు 92, గరిష్ఠం 125. ఇప్పటిదాకా తగ్గింది: 129.

వైఫైతో ఇంత కుస్తీ పడితే తగ్గింది 38. టీవీ ఒక్కటే 91 తినేస్తోంది. అలాగని వైఫై పని వృథా కాదు: బటన్ ఆలస్యంగా పలికితే టీవీని అనుమానించండి, తెర కుదుపులు కొడితే వైఫైని. ఈ రెండు రోగాలకూ ఒకటే మందు వెతకడం వల్లే చాలామంది కొత్త రౌటర్లు కొని కూర్చుంటారు.

## దశ 6: పీసీ వైపు సర్దుబాట్లు

గేమ్ ఫ్రేమ్ రేట్‌కి హద్దు లేకపోతే గ్రాఫిక్స్ కార్డు 99 శాతం దగ్గర కూర్చుంటుంది. ఎన్‌కోడర్ వేరే భాగమే అయినా, తెరను పట్టుకోవడం, రంగులు మార్చడం మాత్రం కార్డు మామూలుగా చేయాల్సిన పనులే. వాటికి ఊపిరి ఆడదు. గేమ్‌ని 60 దగ్గర బిగించి, గేమ్‌లోని వీ-సింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపాను. పీసీ వైపు ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం 14 నుంచి 5కి వచ్చింది.

బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) మార్చి చూస్తే:

- 20 ఎంబీపీఎస్: చీకటి సీన్లలో గోడలు గళ్లు గళ్లుగా విడిపోతున్నాయి.
- 30: ఆ గళ్లు పోయాయి.
- 50: తెర దగ్గరికెళ్లి చూస్తే తప్ప 30కీ దీనికీ తేడా లేదు.
- 80: ఫ్రేములు రాలిపోవడం మొదలైంది.

30 దగ్గర ఆగాను. సన్‌షైన్ మామూలుగా ప్రతి ఫ్రేమ్‌కి 20 శాతం అదనపు ప్యాకెట్లు కలుపుతుంది, దారిలో ఒకటి రెండు పోయినా మిగతావాటితో ఫ్రేమ్‌ని మళ్లీ అల్లుకోవడానికి. బిట్‌రేట్ పెంచినప్పుడు ఈ అదనమూ పెరుగుతుందని గుర్తుంచుకోండి.

లెక్క: సగటు 83, గరిష్ఠం 117. ఇప్పటిదాకా తగ్గింది: 138.

## దశ 7: కెమెరాకు చిక్కని కుదుపు

కొలతలన్నీ బాగున్నాయి. అయినా కారు రేసులో ఉండి ఉండి ఒక్క తడబాటు. స్లో మోషన్‌లో పట్టుకోవడం కుదరలేదు, ఎందుకంటే అది నేను బటన్ నొక్కినప్పుడు రాదు, తన టైమ్‌కి తాను వస్తుంది. ల్యాప్‌టాప్ నుంచి పీసీకి ఆపకుండా పింగ్ (చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మి.సె.లో వచ్చిందో చూసే పరీక్ష) పెట్టి, ఫలితాన్ని ఫైల్‌లోకి పంపాను. 2, 3, 2, 2, 3... అలా పోతూ పోతూ ఒక్కసారి 140. మళ్లీ 2, 3. తర్వాత సరిగ్గా అంతే వ్యవధికి మళ్లీ 130.

ఇంత క్రమం తప్పకుండా వచ్చేది పక్కవాళ్ల వైఫై కాదు. ల్యాప్‌టాప్ వైఫై అడాప్టర్ చుట్టూ ఇంకే నెట్‌వర్క్‌లు ఉన్నాయో చూడటానికి తన చానెల్ వదిలి ఊరంతా ఒక చుట్టు చుట్టి వస్తోంది. ఆ కాసేపూ మన ప్యాకెట్లు గుమ్మంలో నిలబడతాయి.

1. విండోస్‌లో లొకేషన్ సేవలు ఆఫ్ చేశాను. లొకేషన్ అడిగే యాప్‌లు కూడా ఈ స్కానింగ్‌కి కారణమే.
2. అడాప్టర్ డ్రైవర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్‌ని (వేరే వైఫై కోసం ఎంత ఆత్రంగా వెతకాలో చెప్పేది) అన్నిటికంటే తక్కువకు దించాను.
3. డ్రైవర్ అప్‌డేట్ చేశాను.

మొదటి రెండు చేశాకే పింగ్ ఫైల్‌లో మూడంకెల సంఖ్య కనబడలేదు. మూడోది అలవాటు కొద్దీ చేశాను.

లెక్క: సగటు 83, గరిష్ఠం 100.

## దశ 8: కంట్రోలర్, నిద్ర లేపడం

కంట్రోలర్ ల్యాప్‌టాప్‌తో బ్లూటూత్‌లో కలుస్తుంది, బటన్ సమాచారం నెట్‌వర్క్ మీదుగా పీసీకి వెళ్తుంది. ఆ ప్యాకెట్లు చాలా చిన్నవి, వాటితో పేచీ లేదు. అయితే ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ తగిలించి ఉన్నప్పుడు బటన్లు మిస్సవుతున్నాయి. యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్క్ తీసేశాను. కంట్రోలర్‌కి యూఎస్‌బీ డాంగిల్ వాడేవాళ్లు చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని పోర్ట్‌కి దూరంగా జరిపితే చాలు.

సోఫాలోంచి పీసీని లేపడానికి వేక్ ఆన్ ల్యాన్. మూన్‌లైట్‌లోనే ఆ బటన్ ఉంది. అది పంపేది 102 బైట్ల చిన్న సందేశం: ముందు ఆరు బైట్లు అన్నీ గరిష్ఠ విలువతో, తర్వాత పీసీ నెట్‌వర్క్ కార్డు చిరునామా పదహారుసార్లు. బయోస్‌లో, విండోస్ నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్స్‌లో రెండుచోట్లా అనుమతించాలి. పూర్తిగా షట్‌డౌన్ చేసిన పీసీ లేవకపోతే విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆపి చూడండి, నాకు దానితోనే సరిపోయింది.

మానిటర్ స్విచ్ కట్టేస్తే విండోస్‌కి తెరే లేదనిపించి స్ట్రీమ్ మొదలవ్వడం లేదు. హెచ్‌డీఎమ్‌ఐ డమ్మీ ప్లగ్ (తెర ఉన్నట్టు నమ్మించే చిన్న ముక్క) ఒకటి గ్రాఫిక్స్ కార్డుకి తగిలించాక ఆ గొడవ పోయింది.

## ఇప్పటి పరిస్థితి

మానిటర్ మీద 58, టీవీ మీద 83. తేడా 25 మి.సె., అంటే ఒకటిన్నర ఫ్రేమ్. మొదట ఈ తేడా 163 ఉండేది. కథ ప్రధానంగా ఉండేవి, రేసింగ్, గెంతుతూ దూకుతూ సాగే గేమ్స్ హాయిగా నడుస్తున్నాయి. పాటకు తగ్గట్టు నొక్కాల్సిన రిథమ్ గేమ్స్, ఆన్‌లైన్ షూటర్లు ఇంకా లోపలి గదిలోనే ఆడుతున్నాను. టీవీకి బ్లూటూత్ సౌండ్‌బార్ కలిపితే శబ్దం బొమ్మ కంటే వెనకబడింది, దాన్ని కేబుల్‌తో టీవీకే కలిపాను.

మిగిలింది హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు ఎక్కువ స్థాయిల్లో చూపే పద్ధతి). దానికి 10-బిట్ హెచ్‌ఈవీసీ డీకోడ్ కావాలి. ఇంటెల్‌లో అది పూర్తిగా హార్డ్‌వేర్‌లోకి వచ్చింది 7వ తరంతో, ఈ ల్యాప్‌టాప్ ఒక్క తరం వెనక ఉంది. దీని బదులు వేరేది ఏది పెట్టినా 4కె 60కి హెచ్‌డీఎమ్‌ఐ 2.0 పోర్ట్ ఉందో లేదో ముందు చూసుకుని, దశ 5 నుంచి కొలతలన్నీ మళ్లీ తీయాలి.